తెలియని పరికరం

అచ్చుగది నుంచి,
జూన్ 14

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమం అడగను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికి ఉంటుంది, పని అయిపోయిందని హాయిగా నిద్ర కూడా పట్టి ఉంటుంది. ఇక్కడ మాత్రం పిడుగు పలకడం లేదు.

పదమూడేళ్ళుగా ఈ బడిలో నాలాంటి చూపులేని పిల్లలకి పుస్తకాలన్నీ పొడిచి ఇచ్చిన చుక్కల అచ్చుయంత్రంరా అది. అది మొదలైతే పక్క గదిలో పాఠం ఆగిపోయేది, అందుకే పిల్లలు పిడుగు అని పేరు పెట్టారు. ఇప్పుడు పక్క గదిలో పాఠాలు చక్కగా సాగుతున్నాయి. టీచరమ్మ వచ్చి నాకు థాంక్స్ కూడా చెప్పి వెళ్ళింది.

నిన్ను నేను ఏమని అడిగాను? ఆఫీసు వాళ్ళు పాత సిస్టం తీసేయమన్నారు, కొత్తది వేయాలి, కానీ లెక్కల మాస్టారు నాలుగింటికి వస్తారు, ఆయన వచ్చేదాకా ముట్టుకోకు అన్నాను. నేను ప్రూఫు చదువుకుని వచ్చేసరికి ‘అయిపోయిందక్కా’ అన్నావు. ఒక్క పేజీ కొట్టి చూడరా అంటే బస్సుకి టైమైందన్నావు. కంప్యూటరు గొంతు మాత్రం బాగు చేశావు, ఒప్పుకుంటాను. ఇదివరకు జలుబు చేసిన గుమస్తాలా చదివేది. ఇప్పుడు శుభ్రంగా, తీరిగ్గా ‘తెలియని పరికరం’ అంటోంది. పదమూడేళ్ళు దాని పక్కనే కూర్చున్న యంత్రాన్ని పట్టుకుని తెలియని పరికరం అంటోందిరా.

నా భయం యంత్రం గురించి కాదు, పట్టిక గురించి. నేనూ మాస్టారూ పదకొండేళ్ళు కూర్చుని కట్టిన లెక్కల పట్టిక. భిన్నం వస్తే ఏ చుక్కలు, వర్గమూలం వస్తే ఏ చుక్కలు, సమీకరణం వరస చివర ఎక్కడ విరగాలి, అన్నీ కలిపి రెండువేల పైచిలుకు వరసలు. అది లేకపోతే పిడుగు కథల పుస్తకం కొడుతుంది గానీ లెక్కల పుస్తకం కొట్టలేదు. ఈ ఏడు పదో తరగతిలో ముగ్గురు ఆడపిల్లలు లెక్కలు చదివి తీరతామని పట్టుబట్టారు. నవంబరు ఒకటికల్లా పుస్తకం చేతికి రాకపోతే వాళ్ళని లెక్కల నుంచి తప్పిస్తానని హెడ్మిస్ట్రెస్ గారు తేల్చి చెప్పారు. పట్టిక ఎక్కడుందో ఒక్క ముక్క రాయి, చాలు.

ఫోన్ చేస్తే నేను అరుస్తాను, నువ్వు సిగ్నల్ లేదంటావు. అందుకే పాత అలవాటు కొద్దీ బ్రెయిలీ పలకా దబ్బనమూ ముందేసుకుని పొడుస్తున్నాను.

నీ అక్క

*

లాడ్జి గది నుంచి,
జూన్ 22

అక్కా,

నీ ఉత్తరం చేరింది. కింద కౌంటర్లో మనిషి కవరు తెరిచి ఉండటం చూసి, ‘ఎవరో తెల్లకాగితాలు పంపారు సార్’ అన్నాడు. నీ తిట్లు ఆయన కంటికి ఆననందుకు బతికిపోయాను.

పిడుగుకి ఏమీ కాలేదు. డ్రైవర్ లేదు, అంతే. డ్రైవర్ అంటే కంప్యూటరుకీ యంత్రానికీ మధ్య దుబాసీ అనుకో. పాత దుబాసీకి కొత్త దొరగారి భాష రాదు. యంత్రం చేసిన కంపెనీ మూతపడి ఆరేళ్ళయింది కాబట్టి కొత్త దుబాసీని వాళ్ళు ఇవ్వరు. నా దగ్గర పాత డ్రైవర్ డిస్కు ఒకటి ఉంది, దీంతో పంపుతున్నాను. కొత్త సిస్టం దాన్ని నమ్మదు, సంతకం లేదంటుంది. ఆ తనిఖీ ఆపాలి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చెయ్యి, తర్వాతవి విడిగా పొడిచిన కాగితంలో ఉన్నాయి. చివర్లో ఒక తెర వస్తుంది. ఆ తెర మీద కంప్యూటరు మాట్లాడదు, మూగది. భయపడకుండా ఇరవై లెక్కపెట్టి ఏడో అంకె నొక్కు.

పట్టిక గురించి దిగులు పెట్టుకోకు. కాపీ నా దగ్గర భద్రంగా ఉంది. డ్రైవర్ లేకుండా అది పంపినా లాభం లేదు. ముందు దుబాసీ సంగతి తేలనీ.

ఇక్కడ బీమా ఆఫీసులో నూటనలభై కంప్యూటర్లు. రోజుకి పది తుడిచి కొత్త సిస్టం వేస్తున్నాను. ప్రతివాడూ నా ప్రింటర్ ఏది, నా స్కానర్ ఏది అని బుర్ర తింటున్నాడు. అందరి శాపాలూ నాకే.

తమ్ముడు

*

అచ్చుగది నుంచి,
జూలై 3

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ మూగ తెర దగ్గర ఇరవై లెక్కపెట్టాను. ఏడు నొక్కాను. నిజంగా ఆ తెరే వచ్చిందో, దీపమే ఆరిపోయిందో నాకేం తెలుస్తుంది? మూడుసార్లు వృథా అయింది. నాలుగోసారి వాచ్‌మన్ని పిలిచి తెర మీద ఏముందో చదవమంటే ‘నీలంగా ఉందమ్మా’ అన్నాడు. ఆయనకి అంతవరకే తెలుసు పాపం. ఏడు నొక్కాను. ఈసారి డ్రైవర్ ఎక్కింది.

పిడుగు కదిలింది కూడా. పేజీ నిండా, ప్రతి గడిలో, ఆరుకి ఆరు చుక్కలూ కొట్టింది. కాగితం జల్లెడైంది. ఆపేలోపు పదిహేడు కాగితాలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంకో మాట. నీ ఉత్తరంలో ఒకచోట చుక్కలు గోటితో చదును చేసి మళ్ళీ పొడిచావు. ‘కాపీ నా దగ్గర’ తర్వాత. నువ్వు చిన్నప్పటి నుంచీ బ్రెయిలీ కళ్ళతోనే చదువుతావు కాబట్టి నీకు తెలియదు, నా వేలికి ఆ చోట కాగితం మెత్తగా తగులుతోంది. ముందు ఏం రాశావురా?

ఎందుకు అడుగుతున్నానంటే, మాస్టారు ఆగస్టు ఆఖరికి రిటైరై కూతురి ఊరు వెళ్ళిపోతున్నారు. ఆయన నడివయసులో చూపు పోయిన మనిషి. పుస్తకంలో లెక్క ఎలా కనబడుతుందో ఆయనకి తెలుసు, వేలికి ఎలా తగలాలో తెలుసు. రెండూ తెలిసినవాళ్ళు ఈ బడిలో ఇంకెవరూ లేరు. నిన్న నా గదికి వచ్చి, ‘పట్టిక పోయుంటే మొహమాటపడకుండా చెప్పమ్మా. నా బుర్రలో ఇంకా ఉంది. రోజుకి రెండు గంటలు కూర్చుంటే నెలన్నరలో మళ్ళీ రాసేద్దాం’ అన్నారు. మొదటేడు ఒకసారి దాన్ని కాగితం మీద కొట్టాం గానీ, దొంతర అడుగున పడి చుక్కలన్నీ అణిగిపోయాయి. తర్వాత సగం మారింది కూడా. కాబట్టి ఉంటే నీ దగ్గరుండాలి, లేదా ఆయన బుర్రలో ఉండాలి.

ఆయనకి ఏమని చెప్పను?

నీ అక్క

*

బీమా ఆఫీసు వరండా నుంచి,
జూలై 15

అక్కా,

చదును చేసిన చోట ఏమీ లేదు. కరెంటు పోయి చెయ్యి జారింది. నీ వేలికి అనుమానం కూడా తగులుతుందేమో, డాక్టరుకి చూపించుకో.

మాస్టారిని ఎందుకు శ్రమ పెట్టడం? అరవై దాటిన మనిషి, సామాన్లు సర్దుకోవాలి, ఇల్లు ఖాళీ చేయాలి. రెండువేల వరసలు మళ్ళీ ఆయన చేత చెప్పించడం ధర్మం కాదు. ప్రశాంతంగా వెళ్ళనివ్వు. పట్టిక ఉందని చెప్పాను కదా.

ఒక మంచి కబురు. మూతపడ్డ కంపెనీల యంత్రాలకి సొంతంగా డ్రైవర్లు రాసే రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన ఉన్నాడని తెలిసింది. డబ్బు తీసుకోడు, సరదా అంతే. ఆయనకి రాశాను. పిడుగు వీపు మీద ఇనుప రేకు ఉంటుంది, దాని మీద పోసిన అంకెలు వేలితో తడిమి పంపు. కేబులు కొసన పిన్నులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టు. ఈసారి ఖాయంగా పని జరుగుతుంది.

ఇక్కడ ఒక పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా వాడుతున్న చెక్కులు కొట్టే ప్రింటర్ కొత్త సిస్టంలో పనిచెయ్యలేదని కుర్చీలో కూలబడ్డాడు. ‘నన్ను కూడా తుడిచి కొత్తవాణ్ణి వేసుకోండి’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తమ్ముడు

*

అచ్చుగది నుంచి,
ఆగస్టు 29

చిన్నోడా,

అంకెలు ఇదివరకే పంపాను, అందాయనుకుంటాను. పిన్నులు ఇరవై ఐదు. ఒకటి వంకరగా ఉంటే హెయిర్‌పిన్నుతో నిలబెట్టాను.

నిన్న మాస్టారు వెళ్ళిపోయారు. బడి అంతా గేటు దాకా వచ్చింది. చిన్నపిల్లలు ఎక్కాలు చదివి సాగనంపారు, ఆయన అడిగిన కోరిక అదొక్కటే. పదమూడో ఎక్కం దగ్గర సగంమంది జారుకున్నారు. మాస్టారు అక్కడే నిలబడి మిగతావాళ్ళ తప్పులు దిద్దారు. బండివాడు హారన్ కొడుతున్నా వినలేదు.

నిన్ను జూలైలో నోటికొచ్చినట్టు అన్నాను. చదును చేసిన చుక్కలు పట్టుకుని కూపీ లాగాను. మనసులో పెట్టుకోకు. చిన్నప్పుడు హాస్టల్లో నాకు ఉత్తరాలు రాసే దిక్కు లేకపోతే, ఏడేళ్ళవాడివి, నాన్న దగ్గర దబ్బనం పట్టుకోవడం నేర్చుకుని వారం వారం రాశావు. నువ్వు కాక నాకు ఇంకెవరు చేస్తారురా ఇదంతా? అక్కడెక్కడో ఇంజనీరుని వెతికి పట్టుకున్నావు. నేను ఇక్కడ కూర్చుని సణుగుతున్నాను.

ముగ్గురు పిల్లల్లో ఒకత్తి ఉంది, ప్రతిదానికీ ఎందుకు అంటుంది, అందుకని ఎందుకమ్మ అని పిలుస్తాం. రోజూ ఇంటర్వెల్లో వచ్చి పిడుగు మీద చెయ్యి వేసి చూసి వెళ్తుంది. వేడిగా ఉందో లేదో చూస్తుందట. చల్లగా ఉంటే ఏమీ అడగదు. అడిగితే బాగుండు.

పట్టికని ఒక డిస్కులో వేసి ఇప్పుడే పంపెయ్యకూడదా? డ్రైవర్ వచ్చేదాకా బీరువాలో పెట్టుకుంటాను. నాకు ధైర్యంగా ఉంటుంది.

నీ అక్క

*

లాడ్జి గది నుంచి,
సెప్టెంబరు 24

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు, పని ఒత్తిడి. ఇంజనీరుగారు డ్రైవర్ పూర్తి చేశారు. డిస్కు దీంతో ఉంది. ఈసారి మూగ తెర అక్కర్లేదు. డిస్కు పెట్టి ఎంటర్ నొక్కుతూ వెళ్ళు. మధ్యలో ‘పట్టిక ఎక్కడుంది’ అని అడుగుతుంది, దాన్ని దాటెయ్యి. అది వెనకాల వస్తుంది.

ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు

*

అచ్చుగది నుంచి,
అక్టోబరు 6

తమ్ముడూ,

పలికింది.

పది నిమిషాలు కూడా పట్టలేదు. కంప్యూటరు పిడుగుని పూర్తి పేరు పెట్టి పిలిచింది, ‘సిద్ధంగా ఉంది’ అంది. కథల పుస్తకంలోంచి ఒక పేజీ పంపాను. గోడలు అదిరాయి. పక్క గదిలో పాఠం ఆగిపోయి టీచరమ్మ తలుపు దబదబా బాదింది, నాకు అంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. ఎందుకమ్మ పరిగెత్తుకొచ్చి ఇంకా వేడిగా ఉన్న మూత మీద చెంప ఆనించింది. ఇంజనీరుగారికి నా నమస్కారాలు రాయి.

తర్వాత లెక్కల పుస్తకం మొదటి అధ్యాయం పంపాను. మాటలన్నీ వచ్చాయి. భిన్నాలు ఉండాల్సిన చోటల్లా ఖాళీ. ‘కింది వాటిని సాధించుము’ అని ఉంది, కింద చెయ్యి పెడితే నున్నటి కాగితం. పట్టిక లేదు కాబట్టి అంతేనని పిల్లలకి చెప్పాను, నాలుగు రోజుల్లో వస్తుందని చెప్పాను.

ఇరవై ఐదు రోజులు ఉన్నాయి. పుస్తకం నాలుగు సంపుటాలు, ముగ్గురికీ కలిపి కొట్టడానికి పన్నెండు రోజులు చాలు, ప్రూఫుకి వారం. ఈ ఉత్తరం అందిన రోజే పట్టిక నీ చేతిలోంచి బయల్దేరితే సరిపోతుంది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నీళ్ళు నమిలావు. అడ్డం ఏమైనా ఉంటే సూటిగా రాయి.

అక్క

*

లాడ్జి గది నుంచి,
అక్టోబరు 14

అక్కా,

నా దగ్గర పట్టిక లేదు. ఎప్పుడూ లేదు.

ఆ రోజు నీ పత్రాలన్నీ కాపీ చేశాను. పట్టిక వాటిలో లేదు. పాత డ్రైవర్ తన సొంత ఫోల్డర్లో ఉన్న పట్టికని తప్ప చదవదని, పదకొండేళ్ళ కిందట దాన్ని అక్కడ పెట్టింది నేనే. అలాంటి ఫోల్డర్లు మేమెవరం కాపీ చెయ్యం. కొత్త సిస్టం తనవి తాను తెచ్చుకుంటుంది. రోజుకి పది కంప్యూటర్లు తుడిచే చెయ్యి, అలవాటు కొద్దీ నీదీ తుడిచేసింది. మాస్టారు వచ్చేదాకా ఆగి ఉంటే ఆయన అడిగేవారు, పట్టిక తీశావా అని. మాస్టారు వచ్చేసరికి అంతా చేసి చూపించి, భేష్ అనిపించుకుందామనుకున్నాను. అంతకంటే కారణం లేదు.

బస్సు బయల్దేరి అరగంటయ్యాక గుర్తొచ్చింది. దిగి వెనక్కి రావచ్చు. వస్తే నీ ముందు నిలబడాలి. దిగలేదు.

ఆ రోజే కంప్యూటరు ఆపేయమని ఫోన్ చేసి ఉంటే, తుడిచిన డిస్కులోంచి కొంతైనా వెనక్కి లాగేవాళ్ళు ఉన్నారు. నువ్వు నాలుగు నెలలు రోజూ దాని మీద పని చేశావు. పాతది ఉన్న చోటల్లా కొత్తది ఎక్కేసింది. ఇప్పుడు ఎవరివల్లా కాదు. ఇదంతా నాకు తెలుసు, నా వృత్తే ఇది. తెలిసే ఊరుకున్నాను.

మొదటి ఉత్తరంలో ‘నా దగ్గర లేదు’ అనే పొడిచాను. చదును చేశాను. తర్వాత డ్రైవర్ దొరికితే, ఆ సంతోషంలో నీకు మెల్లగా చెప్పచ్చనుకున్నాను. ఒక్కో నెల గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఆగస్టులో నువ్వు నన్ను క్షమించమన్నట్టు రాసినప్పుడు మూడు రోజులు అన్నం సయించలేదు. అప్పుడైనా చెప్పలేదు.

మాస్టారికి ఫోన్ చెయ్యి. ఆయన చెప్తుంటే నువ్వు పొడుచుకో, నేను సెలవు పెట్టి వచ్చి టైపు చేస్తాను. పస్తులుండైనా చేస్తాను. నవంబరు ఒకటికి కాకపోయినా పదిహేనుకి అవుతుంది, హెడ్మిస్ట్రెస్ గారి కాళ్ళు పట్టుకుంటాను. నన్ను ఎన్నయినా తిట్టు. నన్ను క్షమించు.

తమ్ముడు

*

అచ్చుగది నుంచి,
నవంబరు 3

తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన గంటలోనే మాస్టారింటికి ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. సెప్టెంబరు ఇరవయ్యో తేదీన ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడతారు, ఏం చెప్పినా అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు.

ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమన్నాను. మాస్టారూ, పట్టిక పోయింది, మా వాడు మొదటి రోజే పోగొట్టాడు, నాకు ఇవాళే తెలిసింది అని చెప్పాను. ఆయన గొంతులోంచి ఒకటే శబ్దం, మళ్ళీ మళ్ళీ, అదే శబ్దం. ఏదో వరస చెబుతున్నారు. కూతురు ఫోన్ లాక్కుని, నాన్న ఏడుస్తున్నారండీ, ఇంక చాలు అంది. ఆయన ఏడవడం లేదు. నాకు తెలుసు ఆయన ఏం చేస్తున్నారో.

నేను గుర్తున్నవి రాసుకుంటూ కూర్చున్నాను. పద్దెనిమిది రోజుల్లో మూడువందల నలభై వరసలు వచ్చాయి. వాటిలో ఎన్ని తప్పులో చెప్పేవాళ్ళు లేరు. వేరే ఊళ్ళ బడుల పట్టికలు ఉన్నాయన్నారు, తెప్పించి చూశాను. వాళ్ళ గుర్తులు వేరు. మన పిల్లలు ఒకటో తరగతి నుంచి వేళ్ళకి నేర్పుకున్నది వేరు. పరీక్ష నాలుగు నెలల్లో పెట్టుకుని కొత్త గుర్తులు ఎవరు నేర్పుతారు?

ఒకటో తేదీన హెడ్మిస్ట్రెస్ గారు ముగ్గురినీ పిలిచి లెక్కలకి బదులు సంగీతం అని కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. కోపంగా కాదు, ఆవిడ కూడా వారం గడువిచ్చి చూసేవారే, కానీ నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఎందుకమ్మ ఈసారి ఎందుకు అని అడగలేదు. వేలు తుడుచుకుని వెళ్ళిపోయింది.

సెలవు పెట్టి వస్తానన్నావు. రావద్దు. వచ్చి ఏం టైపు చేస్తావు? పస్తులుండమని నిన్ను ఎవరూ అడగలేదు, వేళకి తిను. నీ మీద కోపం లేదని రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి రెండు కాగితాలూ చించేశాను. కోపం ఉంది. నువ్వు తుడిచేసినందుకు కాదు. చెయ్యి జారడం ఎవరికైనా జరుగుతుంది, ఆ రోజే చెప్పి ఉంటే నాలుగు తిట్టి, మర్నాటి నుంచి మాస్టారి పక్కన కూర్చుని ఉండేదాన్ని. జూలై అంతా ఆయన ఖాళీగానే ఉన్నారు. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని, పనేమైనా ఉందా అమ్మా అని అడిగేవారు. నీ ఉత్తరం చూసుకుని, విశ్రాంతి తీసుకోండి అని పంపేసేదాన్ని.

నీకు ఒకటి రాయలేదు. ఆగస్టులో గేటు దగ్గర, ఎక్కాలు అయిపోయాక, సామాను బండిలోకి ఎక్కిస్తుంటే, మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. ‘ఇంకో నెల ఆగనా అమ్మా? మా అమ్మాయికి చెప్తాను, ఏమీ అనుకోదు. ఎందుకైనా మంచిది, మొదటి వరస నుంచీ చెప్తాను, రాసుకో’ అన్నారు. నేను నవ్వాను. మా తమ్ముడి దగ్గర ఉంది మాస్టారూ, వాడు నాతో అబద్ధం ఆడడు అన్నాను. అయితే సరేనమ్మా అని ఆయన బండెక్కారు.

అక్క